పొద్దున 6 నుంచి 10 లోపు 30 ఫ్లాట్ల పనులు ఎలా చక్కబెట్టుకోవాలి? (చైతన్యపురి)

మూడో ఫ్లోర్ | 15 మే 2021

మాది జీ ప్లస్ 5 అపార్ట్‌మెంట్. ఫ్లోరుకు ఆరు చొప్పున 30 ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. కరోనా లాక్‌డౌన్ వల్ల ఈ 12వ తేదీ నుంచి బయటికి వెళ్లడానికి పొద్దున 6 నుంచి 10 వరకే వీలు. రెండు ఫ్లాట్లలో పాజిటివ్, హోం ఐసొలేషన్‌లో ఉన్నారు. నాలుగు ఫ్లాట్లలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు, పిల్లలు వేరే దేశాల్లో. వాచ్‌మన్ కుటుంబం నలుగురు, సెల్లార్‌లో ఒకే గది.

కూరగాయలు, మందులు, చెత్త, మెట్లు కడగడం, పాజిటివ్ ఇళ్లకు అన్నం... అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వాట్సాప్ గ్రూపులో మాటలెక్కువ, పని తక్కువ. కొందరు పాజిటివ్ ఫ్లాట్ల గ్రిల్‌కు బయట తాళం వేయాలంటున్నారు, కొందరు గంటకోసారి హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) కొట్టించాలంటున్నారు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పగలరా?

---

పచ్చిపులుసు

కూరగాయల సంగతి నేను చెప్త.

నాలుగు గంటలు మస్తు సరిపోతయి. సరిపోనిది ఎప్పుడంటే, 30 ఇండ్లకెల్లి 30 మంది సంచులు పట్టుకొని ఒక్కసారే దిగినప్పుడు. ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో. అంతే. వారానికి రెండుసార్లు పోతే చాలు.

మీకు సరూర్‌నగర్ రైతుబజార్ దగ్గర. 6 కొట్టంగనే ఆడ ఉండాలె. 8 దాటితే గేటు కాడనే గుంపు, లోపల ఏరుకోంగ మిగిలినయే దొరుకుతయి. రోజు ధరల బోర్డు పెడతరు గదా, దాన్ని ఫోటో కొట్టి గ్రూపుల ఎయ్యుండ్రి. "మా బండాయన తక్కువకిస్తడు" అనే లొల్లి సగం ఆడనే ఆగుతది.

లిస్టు ముందురోజు రాత్రి 8కి బంద్. గ్రూపుల రాయనియ్యొద్దు. "నాక్కూడా", "పైన ఆమె రాసినట్టే", "కిలో గాదు అరకిలో" అనుకుంట వంద మెసేజులు పడితే అసలు లెక్క మాయమైతది. ఫ్లాటుకు ఒక్క మనిషి, ఒక్క మెసేజ్, అది కూడా లిస్టు రాసేటాయనకే పంపాలె. ఆయన ఒక తెల్ల కాయితం అడ్డంగ పెట్టి, ఎడమ దిక్కు ఫ్లాటు నంబర్లు, పైన సరుకుల పేర్లు రాసి గడులు నింపాలె. కింద కూడిక. బజారుకు పోయేటోళ్లకు ఆ కింది వరుస ఒక్కటి చాలు: టమాట 30, బెండ 12, దొండ 9, గిట్ల. ఎవలకెంత అనేది సెల్లార్‌ల పంచేటప్పటి ముచ్చట.

సరుకులు ఎనిమిదో పదో పెట్టుకోండ్రి, అంతకు మించొద్దు. తూకం కిలో, అరకిలో. మిర్చి, అల్లం తప్ప పావుకిలో లెక్కలు పెట్టుకుంటే పంచుడు తెల్లారది.

టమాట ట్రే సుమారు 25 కిలోలు ఉంటది. అడుగున పిసికిపోయినయి కిలో, రెండు కిలోలు పోతయి. ఆ నష్టం అందరి మీద పడుతదని పొయ్యే ముందే చెప్పి పెట్టుండ్రి, తెచ్చినంక చెప్తే తెచ్చినోడు దొంగైతడు. ఉల్లిగడ్డ ఇంటికి వారానికి రెండు కిలోలు ఏసుకున్నా 60 కిలోలు, 50 కిలోల బస్తా ఒకటి దించి పైన పది విడిగ కొనాలె. బస్తా సెల్లార్‌ల ఇటుకల మీద పలక ఏసి పెట్టుండ్రి, నేల మీద పెడితే తడి లాగి కింది వరుస మొలకెత్తుతది. ప్లాస్టిక్ కవర్ల మాత్రం కట్టొద్దు, చెమట పట్టి కుళ్లుతయి.

ఆకుకూర, కొత్తిమీర లాస్టుకు కొనాలె, బండి మీద అన్నిటికన్న పైన, తడి గోనెసంచి కప్పి. ఈ ఎండకు 9 అయ్యిందంటే పాలకూర తల ఏలాడేస్తది.

బజార్ల ఇంటింటికి ఏరే ఏరే తూకం ఏపియ్యొద్దు, పదిహేను నిమిషాల పని గంటన్నర అయితది. మొత్తం ఒక్కసారి తూపిచ్చి తెచ్చి సెల్లార్‌ల పంచాలె. కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ కాంటా ఒకటి చాలు. గుడ్డ సంచుల మీద మార్కర్‌తోని ఫ్లాటు నంబరు రాసి రాత్రే టేబుల్ కింద పెట్టియ్యుండ్రి. ఎనిమిదిన్నరకు ఒకటో ఫ్లోర్, పది నిమిషాలకు రెండోది. అయిదు ఫ్లోర్లు యాభై నిమిషాలల్ల ఒడుస్తయి.

ట్రాలీ ఆటోను మాత్రం దించంగనే పంపియ్యాలె, తొమ్మిదింటికల్ల అయితే ఇంక మంచిది. 10 దాటితే పోలీసోళ్లు సీజ్ చేసేది ఆయన బండిని, మీ సంచులను గాదు.

పైసలు: పోయేటోళ్ల జేబుల నుంచి పెట్టియ్యొద్దు. ఇంటికి 500 అడ్వాన్సు, అంటే 15,000 చేతిల ఉంటయి. ఫోన్‌పే చేసేటప్పుడు కింద ఫ్లాటు నంబరు రాయాలె. ఫోన్‌ల పైసలు కొట్టరాని పెద్దోళ్లు కవర్ల నోట్లు పెట్టి మీద నంబరు రాసి ఇస్తరు. లెక్క ఏ రోజుది ఆ రోజే. రెండు ట్రిప్పుల లెక్క కలిసిందంటే మూడో ట్రిప్పుకు ఎవ్వలు ముందటికి రారు.

---

మలక్‌పేట సిస్టర్

పాజిటివ్ ఇళ్ల గురించి.

ముందుగా తాళం. వద్దే వద్దు. రాత్రి రెండింటికి ఆక్సిజన్ పడిపోతే, గ్యాస్ లీకైతే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటారా? వాళ్లు బయటికి రాకుండా ఉండాలంటే బయటికి రావలసిన అవసరం లేకుండా చూడాలి. పాలు, నీళ్ల క్యాన్, మందులు, చెత్త: ఈ నాలుగూ తలుపు దగ్గర జరిగిపోతే ఎవరూ రారు.

తలుపు పక్కన ఒక స్టూలు వేయండి. ఏదైనా దాని మీద పెట్టి, బెల్లు కొట్టి, మెట్ల మలుపు దాకా వెనక్కి వచ్చాక వాళ్లు తీసుకోవాలి. క్యారేజీ ఇచ్చి మళ్లీ వెనక్కి తెచ్చుకునే పద్ధతి పెట్టుకోవద్దు. వాళ్ల గిన్నె స్టూలు మీద పెట్టమనండి, మీరు పైనుంచి వంపేయండి. వండే వంతు ముందే రాసుకోండి, లేకపోతే ఒకపూట మూడిళ్ల నుంచి పప్పు వస్తుంది, రాత్రికి ఏమీ ఉండదు. షుగరు, బీపీ ఉన్నాయా అని మొదటిరోజే అడగండి.

అన్నం కంటే ముఖ్యం ఫోను. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఒకే మనిషి చేయాలి. "ఎలా ఉన్నారు" అంటే "బానే ఉన్నాం" అంటారు. అలా అడగొద్దు, నంబర్లు అడగండి. ఆక్సిజన్ ఎంత, పల్స్ ఎంత, జ్వరం ఎంత, ఈ పూట ఏం తిన్నారు. లక్షణాలు మొదలైన రోజును 1 అనుకుని తేదీల పక్కన రాసుకోండి. 5 నుంచి 10 వరకు ఎక్కువ జాగ్రత్త. మూడో రోజు జ్వరం తగ్గిందని ఫోను మానేస్తారు, అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతే.

ఆక్సీమీటర్‌తో (వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మీటరు) జరిగే తప్పులు ఎప్పుడూ ఇవే. గోళ్లకు రంగు, గోరింటాకు ఉంటే తక్కువ చూపించొచ్చు. ఏసీలో చల్లబడ్డ వేలికీ అంతే, చేతులు రుద్దుకుని పెట్టాలి. పెట్టగానే కనిపించే అంకె రాసుకోవద్దు, ఒక నిమిషం ఆగి కదలకుండా నిలిచినదే రాయాలి. తెరమీద రెండు అంకెలుంటాయి, ఒకటి ఎస్పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం), రెండోది పల్స్. పల్స్ 88 చూసి ఆక్సిజన్ పడిపోయిందని హడలిపోయేవాళ్లు ఉన్నారు. ఇంకోటి: మీటరు తలకిందులుగా చదివితే 98 కాస్తా 86 అవుతుంది. ఎదురుగా కూర్చున్న కొడుకు చదివి చెప్తే జరిగేది ఇదే. ఫోన్లో "86" వినగానే అంబులెన్స్‌కు పరుగెత్తకుండా, మీటరు మీది ఎస్పీఓ2 అక్షరాలు నిటారుగా కనపడే వైపు నుంచి మళ్లీ చదవమనండి. అలా చదివినా 86 అయితే ఇక ఆలోచించొద్దు, 108.

కూర్చున్నప్పుడు 94, ఆపైన ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. 93, అంతకంటే కిందికి వస్తే డాక్టర్‌కు చెప్పాలి. 94 పైన ఉన్నవాళ్లతో గదిలోనే 6 నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి, 60 దాటినవాళ్లకు 3 నిమిషాలు చాలు. నడిచాక 3 పాయింట్లు, అంతకంటే ఎక్కువ పడినా డాక్టర్‌కు చెప్పాల్సిందే. ఆయాసం, ఛాతీలో బరువు, మాట తడబడటం, నిద్రమత్తు ఉంటే మీటరు ఎంత చూపించినా ఆగొద్దు.

బెడ్ దొరికేలోపు బోర్లా పడుకోబెట్టడం పనికొస్తుంది. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటో రెండో, మోకాళ్ల కింద పిక్కల దగ్గర రెండు. అరగంట నుంచి రెండు గంటల దాకా, తర్వాత పక్కకు, తర్వాత ఆనుకుని కూర్చోవడం. తిన్న గంట వరకు వద్దు. గర్భిణులు, గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు చేయకూడదు.

గ్రూపులో తిరుగుతున్న మందుల చీటీ ఒకటి కచ్చితంగా ఉంటుంది, అందులో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. ఒకరి చీటీ ఇంకొకరు వాడొద్దు. ఆక్సిజన్ బాగున్నప్పుడు, మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మేలు చేయదు, షుగరును మాత్రం పైకి లాగుతుంది. కోలుకున్నాక ముఖం ఒకవైపు నొప్పి, కన్ను వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనిపిస్తే ఆలస్యం చేయకుండా కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి. బ్లాక్ ఫంగస్ కేసులు అక్కడే చూస్తున్నారు.

ఒంటరి పెద్దవాళ్లకు: వాడే ప్రతి మాత్ర షీటు వెనకవైపు ఫోటో తీసి పెట్టుకోండి, పేరు, మిల్లీగ్రాములు కనపడాలి. "తెల్ల బీపీ మాత్ర" అంటే మెడికల్ షాపులో ఎవరూ ఇవ్వలేరు. 15 రోజులవి ఒకేసారి తెప్పించండి. ఇన్సులిన్ అయితే ఫ్రిజ్‌లో కింది అరలో, ఫ్రీజర్‌లో కాదు, గడ్డకట్టిందంటే పారేయడమే. ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికి తెలిసి ఉండాలి. మందులకు 10 తర్వాత వెళ్లాల్సి వస్తే చీటీ కాగితం చేతిలో ఉంచుకోండి, ఫోన్లో ఫోటో చూపిస్తూ నిలబడితే టైం పోతుంది.

---

సంపు మోటారు

బిల్డింగ్ సంగతి. గంటకోసారి హైపో కొట్టించేవాళ్లు లిఫ్టులో నలుగురు ఎక్కుతుంటే చూస్తూ ఊరుకుంటారు. వైరస్ ఎక్కువగా అంటుకునేది గాలి నుంచి. లిఫ్టులో ఒకసారికి ఒక ఇంటివాళ్లే. లోపలి ఫ్యాను ఎప్పుడూ తిరగాలి. చాలా లిఫ్టుల్లో ఆ ఫ్యాను ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, మెకానిక్‌ను పిలిచి చూపించండి. మెట్ల దగ్గర పావురాల కోసం మూసేసిన కిటికీలుంటే తెరిచి జాలీ కొట్టించండి.

తుడవాల్సినవి: లిఫ్టు బటన్లు, మెట్ల రైలింగ్, గేటు గొళ్లెం, మోటారు స్విచ్. రోజుకు రెండుసార్లు చాలు. బటన్ల మీద స్ప్రే కొట్టొద్దు, లోపలికి దిగి షార్ట్ అవుతుంది. గుడ్డకు శానిటైజర్ అద్ది తుడవాలి.

హైపో కలిపే లెక్క: క్యాన్ మీద 5 శాతం అని ఉంటే ఒక మగ్గుకు నాలుగు మగ్గుల నీళ్లు, 10 శాతం అయితే ఒకటికి తొమ్మిది. రెండూ 1 శాతం ద్రావణం అవుతాయి. క్యాన్ దొరక్కపోతే బ్లీచింగ్ పౌడర్ లీటరుకు 30 గ్రాములు, పది లీటర్ల బకెట్‌కు 300. కలిపి అరగంట వదిలేసి పైన తేరిన నీళ్లే వాడాలి. అడుగు సున్నం పోస్తే మెట్లన్నీ తెల్లగా చారలు. పొడి కొత్తదై ఉండాలి, ఘాటు వాసన లేకపోతే అది ఉత్త సున్నమే. ఏ రోజుది ఆ రోజే కలపండి, ఈ ఎండల్లో మర్నాటికి బలం ఉండదు. పది నిమిషాల తర్వాత రైలింగ్‌ను మంచినీళ్లతో తుడవకపోతే స్టీలు కూడా తుప్పు పడుతుంది.

ముఖ్యమైన హెచ్చరిక. మన అపార్ట్‌మెంట్లలో మెట్లకు, కామన్ బాత్రూంకు యాసిడ్ పోసి కడిగే అలవాటు ఉంది. యాసిడ్ తడి మీద హైపో గానీ బ్లీచింగ్ గానీ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. గాలాడని సెల్లార్ బాత్రూంలో అయితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు డబ్బాలూ ఒకే గదిలో కూడా పెట్టొద్దు. మనుషుల మీద, కూరగాయల మీద హైపో కొట్టడం అసలే వద్దు. కూరగాయలకు కుళాయి నీళ్ల కడుగుడు చాలు.

ఎవరూ చూడనిది బాత్రూం డక్ట్. పాజిటివ్ ఫ్లాటు పైనా కిందా ఉన్నవాళ్లు వాడని బాత్రూంలో నహానీ ట్రాప్ ఒకసారి చూడండి. నేల మీద జాలీ కింద నీళ్లు నిలిచి ఉంటేనే పైపులోని గాలి ఇంట్లోకి రాదు. వేసవిలో వారం వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికి రెండుసార్లు మగ్గు నీళ్లు పోస్తే సరి. 2003లో హాంకాంగ్ అమోయ్ గార్డెన్స్‌లో సార్స్ ఒక ఫ్లాటు నుంచి మిగతావాటికి పాకడానికి ఇలా ఎండిన ట్రాపులు, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్లే కారణమని తేలింది. ఫ్యాను వేసుకునేటప్పుడు కిటికీ కాస్త తీసి ఉంచాలి. మూసిన బాత్రూంలో ఎగ్జాస్ట్ ఆ ట్రాపులోంచే గాలి లాగుతుంది.

చెత్త: పాజిటివ్ ఇళ్లది రెండు కవర్లలో కట్టి, విడిగా. వాడిన మాస్కులు ముక్కలుగా కత్తిరించి కాగితం కవర్లో 72 గంటలు ఉంచాక పొడి చెత్తలో వేయాలి. సిరంజిలు, దూది లాంటివి పసుపు కవర్లో. స్వచ్ఛ ఆటో అతను తీసుకెళ్లనంటే వాదించొద్దు, జీహెచ్ఎంసీ 040-21111111కు ఫ్లాటు వివరాలు చెప్పండి.

---

గేటు పక్క గది

పైవన్నీ సరే. చదివితే మాత్రం ఒక్క పనీ ఎవరి చేత చేయించాలో రాయలేదు, అంటే అన్నీ వాచ్‌మన్ నెత్తినే. స్టూలు మీద పెట్టేదీ అతనే, చెత్త దించేదీ, రైలింగ్ తుడిచేదీ అతనే. అయిదు ఫ్లోర్లూ రోజూ తిరిగే మనిషి అతనొక్కడే. అతనికి వస్తే అందరికీ వచ్చినట్టే. అదీకాక నలుగురూ ఉండేది ఒకే గది, సెల్లార్‌లో దానికి కిటికీ ఉంటుందన్న నమ్మకం లేదు.

కాబట్టి: పాజిటివ్ ఫ్లోర్లకు అతన్ని పంపొద్దు, ఆ ఫ్లోర్ వాళ్లే వంతులేసుకోవాలి. గేటు, మోటారు, సెల్లార్ వరకే అతని పని. వారానికి సరిపడా మాస్కులు ఇవ్వండి, ఒక్కటిచ్చి ఉతుక్కోమంటే తడిదే కట్టుకుంటాడు. అతని భార్య నాలుగైదు ఇళ్లలో పనిచేస్తుంటే ఈ నెల జీతం ఇచ్చి ఇంట్లో ఉండమనండి. రాష్ట్రంలో ఏ జిల్లా రేషన్ కార్డు అయినా ఇక్కడి షాపులో బియ్యం ఇస్తారు, ఊరికి పోనక్కర్లేదని చెప్పండి. ఖాళీ ఫ్లాటుగానీ డాబా మీద గదిగానీ ఒకటి ఇప్పుడే ఊడ్చి, ఫ్యాను, బకెట్ పెట్టి ఉంచండి. ఆ ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిన రోజున తాళాల కోసం ఓనర్‌కు ఫోన్లు కొట్టే టైం ఉండదు.

---

మూడో ఫ్లోర్

వాచ్‌మన్ సంగతి నిజంగానే మర్చిపోయాం. డాబా గది ఈరోజే చూస్తాం.

ఇంకొక్కటి. 402 వాళ్లకు డాక్టర్ ఆక్సిజన్ పెట్టుకోమన్నారు, నిమిషానికి 2 లీటర్లు. 5 లీటర్ల కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్) అద్దెకు తెచ్చారు. సాయంత్రం గాలి దుమారం వస్తే కరెంటు పోతోంది. ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

---

సంపు మోటారు

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమైతే నడుస్తుంది. పాత స్క్వేర్ వేవ్ మీద కంప్రెసర్ వేడెక్కుతుంది, పెట్టొద్దు. మిషన్ 300 నుంచి 350 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటుంటే కాగితం మీద లెక్క ఎక్కువే వస్తుంది గానీ, వాడిన బ్యాటరీకి మూడు గంటలు అనుకోండి. అప్పుడు ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ ఆ లైను మీద ఉండకూడదు.

అంతకు మించి కరెంటు పోతే సిలిండర్ ఒకటి పక్కన ఉండాలి. బి టైప్‌లో 1,500 లీటర్లు, 2 లీటర్ల మీద పన్నెండున్నర గంటలు వస్తుంది, 5 మీద అయిదే గంటలు. వాల్వ్‌కు నూనె, వాజలిన్ తగలనీయొద్దు. తిప్పడం నెమ్మదిగా. దేవుడి దీపం, పొయ్యి ఆ గదిలో ఉండకూడదు.

మిషన్ గోడకు అడుగు దూరంలో పెట్టండి. ఆన్ చేశాక అయిదు నిమిషాలు ఆగి గొట్టం పెట్టుకోవాలి, మొదట్లో వచ్చే గాలిలో ఆక్సిజన్ తక్కువ. మిషన్‌కు తగిలించే తేమ సీసాలో డిస్టిల్డ్ వాటర్ రెండు గీతల మధ్య, రోజూ మార్చాలి. బోరు నీళ్లు వద్దు.

---

మలక్‌పేట సిస్టర్

ఆ 2 లీటర్లు డాక్టర్ చెప్పిన అంకె, నంబరు తగ్గిందని ఇంట్లోవాళ్లు 4కో 5కో తిప్పేయొద్దు. 2 మీద కూడా 92 దాటకపోతే డాక్టర్‌కు ఫోను, బెడ్ వెతకడం అప్పుడే మొదలుపెట్టాలి. గొట్టంలో గాలి వస్తోందో లేదో అనుమానంగా ఉంటే చివర గ్లాసు నీళ్లలో ముంచండి, బుడగలు రావాలి. రాకపోతే చాలాసార్లు సీసా మూత వంకరగా బిగించి ఉంటుంది, విప్పి మళ్లీ బిగించండి.

---

పచ్చిపులుసు

రేపు పొద్దుగాలే పోతున్నరా? ట్రాలీ ఆయనకు ఇప్పుడే ఫోన్ కొట్టుండ్రి. పొద్దున లేసి అడిగితే దొరకడు.